గేటు దగ్గరి మంచినీళ్ల కుండ

ఊరూరా రైసు మిల్లు ఉన్నట్టే, ఊరూరా ఒక చిన్న అణు కరెంటు కేంద్రం వెలిసిన రోజులవి. ఏ దేశంలోనైనా సరే, దాని గేటు కాసేవాళ్లంతా ఒకే పరీక్ష గట్టెక్కాలి. కొమరవానిపేట గేటును తొమ్మిదేళ్లుగా కాస్తున్న నూకరత్నం, పాపం, అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఉద్యోగం ఊడినట్టే.

తెరమీది పరీక్షాధికారి అడిగాడు: "తెలిసిన మనిషి కార్డు లేకుండా వచ్చాడు. మొదట ఏం చేస్తారు?"

"మంచినీళ్లిత్తాను బాబూ."

"తప్పు. అలారం నొక్కాలి."

"నొక్కకపోతానా? ముందు గ్లాసట్టుకున్న సెయ్యి సూత్తాను. వణికిందంటే ఆడు సెప్పేది అబద్దమే. నిరుడు దొంగకార్డోణ్ణి అలాగే కదా పట్టించినాను!"

"భద్రతా ప్రమాణాల్లో నీళ్ల మాట లేదు. మీరు తప్పారు."

"ఆ పెమాణాలు రాసినోళ్లు ఒక్కరోజైనా గేటుకాడ నిలబడ్డారా?" అని నూకరత్నం గొంతు చించుకుంది. అప్పటికే తెర ఆరిపోయింది.

మర్నాడు ఆఫీసులో యూనిఫాం అప్పగించేసి, తన మంచినీళ్ల కుండ తెచ్చుకుందామని గేటు దగ్గరికి వెళ్లింది. అదే పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుని కొత్తగా చేరిన లలితకుమారి, ఆమెను చూడగానే నవ్వుతూ గేటు బార్లా తీసింది.

"నువ్వు తెలీని మనిషివా పిన్నీ! లోపలికొచ్చి తీసుకుపో."

నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. అడుగు లోపల పెట్టలేదు.

"కార్డడగవేటే? నిన్నటినుంచి నేను బయటి మనిషిని. ముందు గేటెయ్యి! కుండ అక్కడే ఉండనీ. నీకే అవసరం పడతాది."