వికీలో తారు రోడ్డు

"నేను రాయించింది మళ్లా తీసేసిండ్రా?" పాల్వంచ నెట్ సెంటర్‌లో సర్పంచ్ హాతీరాం కుర్చీలోంచి లేచాడు.

తను కాంట్రాక్టు పట్టి తండాకు వేసిన తారు రోడ్డు గురించి వికీపీడియాలో ఎక్కించిన వాక్యం మాయమైంది.

"ఎవరైనా రద్దు నొక్కితే పోతది, బాపూ," అంది కూతురు సోని.

"ఎవడు నొక్కిండు?"

సోని పేజీ చరిత్ర తెరిచింది. రాసింది హాతీరాం. రద్దు చేసింది సోని.

"నువ్వా! ఎందుకే?"

"మొన్న వదినను దవాఖానకు మంచం మీద మోసుకొచ్చినం గదా. రోడ్డు ఒక్క వానకే కొట్టుకపాయె."

హాతీరాం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సరే, నా పేరన్నా తుడిచెయ్."

"అది పోదు. రద్దు చేసినా, ఎవరేం రాసిండ్రో అంతా లోపల అట్లనే ఉంటది."

"గింత గట్టిగా ఎవరు కట్టిండ్రే దీన్ని?"

"నువ్వైతే కాదు, బాపూ."