తొమ్మిది యూనిట్లు

"తొమ్మిది" అని బోర్డు మీద రాసింది రోహిణి.

సాయినాథ్ సార్ గబగబా కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. కంప్యూటర్‌లో ఏఐ రేపు పద్దెనిమిది యూనిట్ల కరెంటు వస్తుందంటోంది.

"మిషన్ పద్దెనిమిదంటే నువ్వు తొమ్మిదంటవేందమ్మా?"

"తొమ్మిదే వస్తది సార్."

ఆ అంకెను ఆయన చెరపలేడు. బడి కప్పు మీది సోలార్ ప్లేట్లు మర్నాడు ఎంత కరెంటిస్తాయో ఏఐతో లెక్కగట్టడం ఎనిమిదో తరగతికి నేర్పింది ఆయనే. ఏఐ మాట విన్నాక తమ బుద్ధి కూడా వాడి పిల్లలు ఒక అంకె రాయాలి. కొన్నాళ్లుగా ఏఐ అంకె తప్పుతోంది, రోహిణి అంకె నిజమవుతోంది. రేపు వనపర్తి నుంచి ఈ అంకెల పోటీ పెట్టినవాళ్లు వస్తున్నారు. అంకె కలిస్తే బడికి కొత్త కంప్యూటర్లు. కలవకపోతే ఉన్న ఆ ఒక్కటీ పట్టుకుపోతారు.

పెద్దసారు బోర్డు చూసి బయటికి కేకేశాడు.

"జోగమ్మా, రేపు గూడ కరెంటు తక్కువేనంట. ప్లేట్లు కడగకు. ట్యాంకర్ నీళ్లు దండగ."

బడి ఊడ్చే జోగమ్మ తలూపింది. పోయిన నెల ప్లేట్లు కడగబోయి నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి ఆమె కుంటుతోంది. కప్పెక్కలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని పెద్దసారు అప్పుడే తేల్చేశాడు. పాపమే అనిపించింది సాయినాథ్‌కు. కానీ ఆయన పరేషాన్ ఆయనది.

మర్నాడు ఎండ మాడ్చేసింది. పక్కనున్న కంకర మిషన్ దుమ్ము ఎప్పట్లాగే బడిని, కప్పు మీది ప్లేట్లను కమ్మేసింది. సాయంత్రం సాయినాథ్ భయంభయంగా మీటర్ చూశాడు.

తొమ్మిది యూనిట్లే.

వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు.

"మిషన్‌కు అందనిది నీకెట్ల అందిందమ్మా?" అని అడిగారు.

"తెల్వదు సార్" అంది రోహిణి తలెత్తకుండా. ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసి సంతోషమనుకున్నాడు సాయినాథ్.

అందరూ వెళ్లిపోయాక, జోగమ్మను తన భుజానికి ఆనించుకుని ఇంటిదారి పట్టిన రోహిణి మెల్లగా అంది: "రేపు గూడ తొమ్మిదే రాస్తనే అమ్మా, నువ్వు నిచ్చెనెక్కే పని లేదు."