పదిహేను గుడ్ల సభ

“పది గుడ్లకి ఎవరొస్తారు అబ్బాయ్? పదిహేను చెయ్యి.”

హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో లేచి నిలబడ్డ ఆ ముసలావిడ జింగుయ్. ఆవిడ తన తల్లని పక్కవాళ్ళకు తెలియనందుకు సంతోషిస్తూ, వెన్‌జువాన్ వెనక వరస కుర్చీలో తల దించుకుంది.

వేదిక మీద కావ్ అనే కుర్రాడు లింగ్‌ఝీ పుట్టగొడుగు పొడి డబ్బా ఎత్తి పట్టుకున్నాడు. రోజూ రెండు చెంచాలు తాగితే ఒంట్లో రోగనిరోధక శక్తి కోటగోడలా లేస్తుందట, జలుబు నుంచి కేన్సర్ దాకా ఏదీ దరికి రాదట. చైనాలోని జెజియాంగ్ కొండల్లో, మూడు తరాలుగా పుట్టగొడుగులు పెంచిన ఊళ్ళో ఈ మాటలు చెప్పడం కమ్మరి వీధిలో సూదులమ్మడమే. అయినా హాలు నిండింది. వచ్చిన ప్రతి ముసలి ప్రాణికీ గుడ్లు ఉచితం మరి.

“అమ్మ అడిగాక తప్పుతుందా? రేపట్నుంచి పదిహేను,” అన్నాడు కావ్. “కొత్తవాళ్ళని తీసుకొస్తే ఇంకో అయిదు.”

జింగుయ్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది.

వెన్‌జువాన్ చప్పట్లు కొట్టలేదు. అమ్మ ఎడమకంటి శుక్లం ఆపరేషన్ కోసం తల్లీకూతుళ్ళు మూడేళ్ళు కూడబెట్టిన డబ్బు అమ్మ దగ్గరే ఉంది. ఇలాంటి సభలకే తిరిగి పక్కింటి తాత, తన శవపేటిక కోసం దాచుకున్నది కూడా పోగొట్టుకున్నాడు. ఇప్పుడు మంచం కింద పొడి డబ్బాలు పేర్చుకుని, పైన దగ్గుతూ పడుకుంటున్నాడు.

సభ ముగిసింది. గుడ్ల వరస వీధి దాకా సాగింది. పొడి అమ్మే బల్ల దగ్గర నలుగురే ఉన్నారు. జింగుయ్ మాత్రం గుడ్ల వరసలో నిలబడకుండా కావ్ వెంట వెనక గదిలోకి వెళ్ళింది. వెన్‌జువాన్ కుర్చీలోంచి లేచింది. గుడ్లు కూడా వదులుకుని లోపలికి వెళ్ళేది డబ్బు కట్టేవాళ్ళే.

కాసేపటికి ఆవిడ కోటు జేబు సర్దుకుంటూ బయటికొచ్చింది. కావ్ గుమ్మం దాకా సాగనంపాడు.

“మీరు లేకపోతే మా సభే లేదమ్మా.”

ఈ తేనె మాటలకే అమ్మ పడిపోయిందనుకుంది వెన్‌జువాన్. బయట, గడ్డీ ఖాళీ అట్టపెట్టెలూ వేసున్న మూడు చక్రాల బండి దగ్గర తల్లిని పట్టుకుంది.

“ఎన్ని డబ్బాలు కొన్నావు?”

“నువ్వెప్పుడొచ్చావే? ఒక్కటీ కొనలేదు. మొన్నొకటి ఊరికే ఇచ్చాడు.”

“తాగావా?”

“తవుడులో కలిపి కోళ్ళకి పెట్టా. రోగాలు రావన్నాడుగా.”

“వేళాకోళాలు చాలు. మొన్న నన్ను చూసి కొరియర్ మనిషనుకుని, సంతకం ఎక్కడ పెట్టాలన్నావు. నీ కళ్ళు అలా ఉన్నాయి.”

“కొరియర్ మనిషే నయం. ఇన్ని ప్రశ్నలడగడు.”

“బస్సుండగా ఈ డొక్కు బండేసుకుని ఇంత దూరం ఎందుకు రావడం?”

“బస్సులో సామాను ఎక్కించనివ్వరు.”

“అమ్మా, మాట మార్చకు. ఆపరేషన్ డబ్బు ఉందా, పోయిందా?”

జింగుయ్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసిచ్చింది. ఆసుపత్రి రసీదు. వచ్చే బుధవారం ఎడమ కన్ను, ఆపై బుధవారం కుడి కన్ను. రెండిటికీ సొమ్ము ముట్టింది.

వెన్‌జువాన్ రెండుసార్లు చదివింది. “మన దగ్గరున్నది ఒక్క కంటికే కదా.”

“ఒకటి బాగై రెండోది బాగవకపోతే, అది కుళ్ళుకు చస్తుందే.”

వెన్‌జువాన్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వారం రోజులుగా నిద్రపట్టనివ్వని భయం దిగిపోయింది. అప్పు చేసిందో, ఏ నగ అమ్మిందో తర్వాత అడుగుదామనుకుంది.

“సరే. కళ్ళు బాగయ్యాకైనా ఈ దిక్కుమాలిన సభలకి రావడం మానెయ్యమ్మా.”

జింగుయ్ బండెక్కి, చేతికంటుకున్న ఈకను ఊదేసింది.

“నేను మానేస్తే కావ్‌కి గుడ్లెవరమ్ముతారే?”