బూడిదయ్యంటే భయం

"తలుపు తియ్యి బంగారం! అమ్మని."

బయటినుంచి ఆ పిలుపు వినగానే, లోపల ఆరేళ్ళ పాప పిట్ట కెవ్వుమంది. ఒక్క పరుగున వెళ్ళి మంచం కింద దూరింది.

తండ్రి ఒంటిమీద సబ్బు నురగతోనే స్నానాల గదిలోంచి పరిగెత్తుకొచ్చి గడియ తీశాడు. గుమ్మంలో తల్లి. రొట్టెల ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడి నిలబడి వచ్చిన మనిషి.

వారంనుంచీ ఇదే వరస.

అంతా టీవీలో వచ్చే 'తూనీగ' బొమ్మల సీరియల్ పుణ్యం. తూనీగ అంటే రెక్కలున్న అమ్మాయి. ఆపదలో ఉన్నవాళ్ళని ఎగిరొచ్చి కాపాడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ అందులో బూడిదయ్య అని ఒకడున్నాడు. వాడు ముట్టుకుంటే మనుషులు బూడిదైపోతారు. వారం కిందట ఒక భాగంలో ఆ వెధవ ఒకరింటి ముందు నిలబడి, అచ్చం అమ్మ గొంతుతో "తలుపు తియ్యి బంగారం" అన్నాడు.

ఆ ఇంట్లో పాప తలుపు తీసింది.

అంతే. ఆ రోజునుంచి పిట్టకి కన్నతల్లి గొంతు వింటే వణుకు.

"చిన్నపిల్ల, అదే మర్చిపోతుందిలే," అని తల్లి నవ్వేసింది. వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకోవడం మాత్రం తండ్రి కంటపడింది.

మర్నాడు పిట్టకి చెవిపోటు. తండ్రి లిఫ్టులు బాగుచేస్తాడు. ఓ పూట సెలవు పెట్టి, చెవి ముక్కు గొంతు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

అలా కూర్చున్నారో లేదో, గోడమీది టీవీలో తూనీగ మొదలైంది.

అదే భాగం.

పిట్ట రెండు చెవులూ మూసుకుని తండ్రి చంకలో మొహం దాచుకుంది.

"కాస్త ఆ టీవీ మారుస్తావా అమ్మా?" కౌంటర్లో అమ్మాయిని అడిగాడు తండ్రి.

"రిమోట్ పనిచెయ్యట్లేదన్నా."

తండ్రికి ఒళ్ళు మండింది. "పసిపిల్లల్ని ఇలా హడలగొడతారా ఎవరైనా? ఆ బూడిదయ్యకి గొంతిచ్చిన మహానుభావుడెవడో దొరికితే పళ్ళు రాలగొడతాను!"

"కొట్టాల్సిందేనండీ," అన్నారెవరో పక్కనుంచి.

మెడకి మఫ్లరు చుట్టుకున్న ఓ బక్కపల్చటి పెద్దాయన. గొంతు బొంగురు. సగం మాట, సగం గాలి.

ఆయన కూడా గబగబా చెవులు మూసుకున్నాడు. "నాకూ వాడంటే భయమే తల్లీ."

పిట్ట ఒక కన్ను తెరిచింది. "పెద్దవాళ్ళకి భయం ఉండదు."

"ఎవరన్నారు? చూడు, చేతులెలా వణుకుతున్నాయో."

నిజంగానే వణుకుతున్నాయి.

"నాకో సాయం చేసిపెట్టమ్మా. వాడి మాటలు అయిపోగానే చెప్పు, అప్పుడు చేతులు తీస్తాను."

పిట్ట ఆలోచించింది. తాత పరిస్థితి తనకన్నా అధ్వాన్నంగా ఉంది. మెల్లగా తన చెవులమీంచి చేతులు తీసింది.

"అయిపోయిందా?"

"ఎక్కడ తాతా, ఇప్పుడేగా వచ్చాడు!"

"ఏమంటున్నాడు?"

"తలుపు తియ్యమంటున్నాడు."

"పాపం అమ్మేనేమో. తీసేద్దామా?"

"వద్దొద్దు!" పిట్ట ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మ కాదు. మా అమ్మ బంగారం అనేటప్పుడు నవ్వుతుంది. తలుపు వేసున్నా నాకు తెలుస్తుంది. వీడు నవ్వట్లేదు."

పెద్దాయన తలూపాడు. "అవును సుమా. వాడికి ఆ సంగతి తట్టలేదు."

"వాడి నవ్వు వేరు తాతా. ఇలా, హ్హ హ్హ హ్హా! నువ్వు కూడా అను."

పెద్దాయన ఊపిరి పీల్చుకుని నవ్వబోయాడు. కీచుమని చప్పుడొచ్చి, దగ్గులో కలిసిపోయింది.

పిట్ట పడీపడీ నవ్వింది. "నీకు రావట్లేదు! బూడిదయ్య అలా నవ్వడు!"

"నాకింక రాదులేమ్మా," అని ఆయనా నవ్వాడు.

తండ్రికీ నవ్వొచ్చింది. పాపం, ఈ వయసులో బొమ్మల సీరియల్‌కి దడుచుకుంటున్నాడు, పిరికి ముసలాయన అనుకున్నాడు.

ఇంతలో నర్సు చక్రాల కుర్చీ తోసుకొచ్చింది. వెనకాలే ఆయన కూతురు.

"నాన్నా! మాట్లాడొద్దని చెప్పానా?"

పెద్దాయన దొరికిపోయిన దొంగలా మొహం పెట్టాడు. కుర్చీలో కూర్చుంటూ పిట్ట తల నిమిరాడు. "నీ దయవల్ల నా భయం పోయింది తల్లీ."

నర్సు ఆయన్ని లోపలికి తోసుకెళ్ళింది. తలుపులు మూసుకున్నాయి.

డాక్టరు పిట్ట చెవిలో లైటు వేసి చూసి, చుక్కలమందు ఇచ్చాడు. వాళ్ళు బయటికొచ్చేసరికి తల్లి పనిబట్టల్తోనే వచ్చేసింది.

"ఎలా ఉంది బంగారం?"

తండ్రి బిగుసుకుపోయాడు. పిట్ట చెవి రిక్కించి ఒక్క క్షణం విన్నది. ఒక్క గెంతులో తల్లి మెడకి చుట్టుకుపోయింది.

తల్లి గట్టిగా హత్తుకుని, ఈసారి అందరి ముందూ ఏడ్చేసింది.

తండ్రి గబగబా వెనక్కి వెళ్ళాడు. పెద్దాయన కూతురు బెంచీమీద ఒంటరిగా కూర్చునుంది.

"అమ్మా, మీ నాన్నగారు మా పాపకి బూడిదయ్య భయం పోగొట్టి మాకెంత మేలు చేశారో ఆయనకే తెలీదు. బయటికొచ్చాక ఒక్కసారి ఆయనతో మాట్లాడి వెళ్తాను."

"మీరు మాట్లాడండి, వింటారు," అందామె. "ఆయన మాత్రం మాట్లాడలేరండీ. గొంతులో క్యాన్సరు. ఇప్పుడు ఆపరేషన్లో గొంతు తీసేస్తున్నారు."

తండ్రి బెంచీమీద కూలబడ్డాడు. "అయ్యో... మాకు తెలీక... ఆ మిగిలిన నాలుగు మాటలూ మా పాపే వాడేసుకుందమ్మా!"

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"ఇన్నేళ్ళూ బూడిదయ్యగా ఊళ్ళో పిల్లలందరినీ హడలగొట్టిన గొంతు కదండీ, పోయేముందు ఒక్క పిల్లకైనా ధైర్యం చెప్పి పోనిద్దామనుకున్నారేమో."