టాపు లేని కారు

కోకాపేట షోరూములో ఉదయ్ భాస్కర్ గంట నుంచీ రెండు టాపు లేని కార్ల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు.

ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఏది కొనాలో తేలడం లేదు.

పోయినేడు ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు పల్టీ కొట్టి, కూతురు రసజ్ఞ లోపల ఇరుక్కుపోయింది. ఏడు కుట్లతో బయటపడింది. అప్పట్నుంచీ మూసిన కారులో కూర్చుంటే ఆ పిల్లకు ఊపిరాడదు. టాపు లేని కారంటే తండ్రికి ఊపిరాడదు.

"రోల్ ఓవర్ అయితే ప్రొటెక్షన్ ఏంటండీ?"

"సెన్సర్ పసిగట్టేస్తుంది సార్," అన్నాడు సేల్స్‌మన్ సురేంద్ర. "రెప్పపాటులో వెనక సీట్ల వెనక నుంచి రెండు ఉక్కు కడ్డీలు పైకి లేస్తాయి. తల నేలకు తగలదు. నీలం కారుకైతే ముందు అద్దం పక్క పిల్లర్లు ఇంకా గట్టివి."

ఉదయ్ భాస్కర్ నోరు తెరుచుకుని విన్నాడు.

అంతలో మాసిన చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, నీలం కారు పిల్లరును వేళ్లతో కొట్టి చూశారు.

"సారూ, ఇది తిరగబడితే యాడ కొయ్యాలె? ఈ ఇనుము కట్టర్‌కు తెగుతదా?"

అప్పటిదాకా ఇంగ్లీషులో హాయిగా పల్టీలు కొట్టిన కారు, తెలుగులో తిరగబడేసరికి అపశకునమైపోయింది.

"శుభమా అని కొనుక్కుంటుంటే ఆ మాటలేంటండీ! ముందు బయటికి నడవండి!" అని ఉదయ్ భాస్కర్ మండిపడ్డాడు.

పెద్దాయన ఏమీ అనుకోలేదు. చిన్న పుస్తకంలో ఏదో గీసుకున్నారు. పోతూ పోతూ, ఎరుపు కారులో బిగుసుకుని కూర్చున్న రసజ్ఞ దగ్గర ఆగారు.

"భయం పెట్టుకోకు బిడ్డా, మంచి బండే."

ఆయన గడప దాటగానే ఉదయ్ భాస్కర్ సెక్యూరిటీ గార్డు నర్సింహను పిలిచాడు.

"ఎవరయ్యా ఆయన?"

"బాలనర్సయ్య సార్, ఫైర్ స్టేషన్ల చేస్తడు. కొత్త బండి ఏదొచ్చినా సెలవు రోజు వచ్చి చూసిపోతడు. యాడ కోస్తే లోపలున్నోళ్లకు దెబ్బ తగలదో రాసుకుంటడు. నాలుగు బుక్కులు నిండినయంట."

ఉదయ్ భాస్కర్‌కు సిగ్గేసింది. తన ఒక్క బిడ్డ కోసం తను గంటసేపు చూశాడు. ఆ మనిషి ఊరందరి బిడ్డల కోసం ఏళ్ల తరబడి చూస్తున్నాడు!

గేటు దాకా పరుగెత్తాడు. పాత స్కూటరు అప్పటికే మలుపు తిరిగిపోయింది.

వెనక్కి వచ్చేసరికి రసజ్ఞ కారు దిగి, ఏడుస్తూ నిలబడి ఉంది.

"ఆ రోజు తలకిందులుగా వేలాడుతుంటే నాకు మొహం కనిపించలేదు నాన్నా... తలుపు కోస్తున్నంతసేపూ నాతో మాట్లాడుతూనే ఉన్న గొంతు ఆయనదే!"