గ్లవ్ గుట్టు

"ఒక్క చోటే మిగిలింది" అన్నాడు కోచ్ హస్కిన్స్, పొద్దుతిరుగుడు గింజల పొట్టు ఉమ్ముతూ. "వచ్చే సీజన్‌లో మనం ఆరో స్థానంలో ఉంటామట. మిగతా కాలేజీల కోచ్‌లు తేల్చేశారు. ఆరు! అందుకే నాకు ఇంకో పిచర్ కావాలి, లేదంటే ఇంకో బ్యాటర్ కావాలి. రెండూ కుదరవు. గ్రేడీ, కోల్బీ, మీ ఇద్దర్లో ఒకడు సాయంత్రానికి లాకర్ ఖాళీ చేస్తాడు."

గ్రేడీ బంతి విసిరేవాడు. కోల్బీ కొట్టేవాడు. ఇద్దరిదీ నాలుగో ఏడు, ఒకే గది. కాలేజీ బేస్‌బాల్ జట్టును రెండుగా చీల్చి తమలో తాము ఆడుకునే అక్టోబర్ మ్యాచ్‌లలో ఇదే ఆఖరిది. కోచ్ కావాలనే ఇద్దర్నీ ఎదురెదురు పక్షాల్లో వేశాడు. ఆయన మనసు అలాంటిది మరి.

"నామీద జాలిపడి వదిలేశావో, చంపేస్తా" అన్నాడు గ్రేడీ.

"నీ మొహానికి జాలి కూడానా?" అని నవ్వాడు కోల్బీ.

అతని దగ్గర ఒక గుట్టుంది. గ్రేడీ ఫాస్ట్ బాల్, స్లో బాల్ రెండూ ఒకే ఊపుతో వేస్తాడు. ఏది వస్తుందో తెలియక బ్యాటర్ తికమకపడాలి, పిచర్ బతుకంతా అందులోనే ఉంది. కానీ స్లో బాల్ పట్టుకునేటప్పుడు గ్రేడీ ఎడమచేతి గ్లవ్ కాస్త విచ్చుకుంటుంది. రెండు వారాల కిందట కోల్బీ అది కనిపెట్టాడు.

స్నేహితుడన్నవాడు ఆ రాత్రే చెప్పాలి. కానీ చోటు ఒక్కటేనన్న కబురు కూడా ఆ రోజే తెలిసింది. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నా స్లో బాల్‌ని ఈమధ్య నువ్వొక్కడివే ఉతుకుతున్నావు. ఏంట్రా సంగతి?" అని ముందురోజు రాత్రి గదిలో అడిగాడు గ్రేడీ, గ్లవ్ తొడుక్కుని అద్దం ముందు నిలబడి చేతులు ఊపుతూ.

"నా టైమ్ బాగుంది. అందం చూసుకుంది చాలు, లైటార్పు" అని కోల్బీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇప్పుడు బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. గ్రేడీ ఛాతీ దగ్గర గ్లవ్ విచ్చుకుంది. స్లో బాల్. కోల్బీ ఓపిగ్గా ఆగి బలంగా కొట్టాడు. బంతి వెళ్లి గోడకు తగిలింది. అతను రెండో బేస్‌కి చేరేసరికి, చిన్నప్పట్నుంచీ పెంచిన తాత మడతకుర్చీలోంచి లేచి "నా మనవడు వాడు!" అని అరుస్తున్నాడు. మూడేళ్లుగా ప్రతి అక్టోబర్‌లోనూ ఆయన వస్తూనే ఉన్నాడు. మనవడు సీజన్ జెర్సీ వేసుకోవడం మాత్రం ఇంతవరకూ చూడలేదు.

ఆ తర్వాత గ్రేడీ ఎవర్నీ కదలనివ్వలేదు. కోల్బీ పక్షంలో ఒక్కొక్కడూ స్లో బాల్‌కి గాలిని కొట్టి, ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌కి తిరిగొచ్చాడు.

"ఏది వస్తుందో అంతు చిక్కట్లేదురా. నువ్వెలా కొట్టావ్?" అని అడిగాడు వాళ్లలో ఒకడు.

"అదృష్టం" అన్నాడు కోల్బీ, బూట్లు చూసుకుంటూ. గ్లవ్ అంతలా విచ్చుకుంటుంటే వీళ్ల కళ్లకేమైందో అనుకున్నాడు. సిగ్గుతో తలెత్తి గ్రేడీవైపు చూడలేకపోయాడు.

ఆట చివరికొచ్చింది. కోల్బీ కొడితే వాళ్ల పక్షం గెలుస్తుంది, తప్పితే గ్రేడీ పక్షం. కోచ్ వల వెనక నిలబడి గింజలు నమలడం కూడా ఆపేశాడు.

రెండు స్ట్రయిక్‌లు పడ్డాయి. ఇంకోటి పడితే అవుట్.

గ్రేడీ భుజం రుద్దుకున్నాడు. నిరుడు ఆపరేషన్ అయిన భుజం. అప్పుడు నెలల తరబడి అతని చొక్కా గుండీలు పెట్టింది కోల్బీయే, కంచంలో మాంసం కోసి ఇచ్చిందీ కోల్బీయే. రాత్రిళ్లు నొప్పికి దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తుంటే వినపడనట్టు పడుకున్నదీ అతనే. ఆ భుజాన్ని మళ్లీ ఇక్కడిదాకా తెచ్చుకున్నవాణ్ణి దొంగచూపుతో ఇంటికి పంపాలా?

గ్రేడీ చాలాసేపు కోల్బీ కళ్లలోకే చూశాడు. తర్వాత గ్లవ్ విచ్చుకుంది, ఎప్పటికన్నా ఎక్కువగా.

కోల్బీ ఫాస్ట్ బాల్‌కి ఊపినట్టు ముందే ఊపేశాడు. బ్యాట్ తిరిగిపోయాక బంతి తీరిగ్గా వచ్చి క్యాచర్ చేతిలో పడింది.

దూరంగా తాత కుర్చీ మడుస్తున్నాడు.

"గ్రేడీ, చోటు నీది" అన్నాడు కోచ్. కోల్బీ భుజమ్మీద చెయ్యి వేసి, "ఆ బంతికి బోల్తాపడతావనుకోలేదురా" అన్నాడు.

లాకర్ గదిలో గ్రేడీ మొహం మాడిపోయి ఉంది. బూట్లు కూడా విప్పకుండా కూర్చున్నాడు. తనకోసం బాధపడుతున్నాడనుకుని కోల్బీ పక్కన చేరాడు.

"ఆపరా, గెలిచినవాడివి. ఒక్కమాట చెప్తా విను. స్లో బాల్ వేసేటప్పుడు నీ గ్లవ్ విచ్చుకుంటోంది. సీజన్‌లోపు సరిచేసుకో, లేకపోతే బయటివాళ్లు చితక్కొట్టేస్తారు. ఎప్పుడో చెప్పాల్సింది. చెప్పలేదు. తిట్టుకో."

గ్రేడీ చివ్వున తలెత్తాడు.

"అంటే... స్లో బాల్ అని తెలిసే ముందు ఊపావా?"

కోల్బీ సంచీ జిప్ లాగాడు.

గ్రేడీ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. "నిన్న రాత్రే అద్దం ముందు నిలబడి ఆ గ్లవ్ సంగతి సరిచేసుకున్నాను" అన్నాడు.

"ఇవాళ నీకొక్కడికే తెరిచానురా."