కొత్త కెర్నెల్

“నిన్నటిదాకా పన్జేసింది కదా బాబూ, ఇయ్యాల ఏటైంది?”

నా ఒళ్ళో కూతురు చిట్టి జ్వరంతో కాలిపోతోంది. దాని రక్తం రిపోర్టు విశాఖ నుంచి ఈ ఆస్పత్రి కంప్యూటరులోకే రావాలి. అది చూస్తేనే డాక్టరమ్మ ఏం చెయ్యాలో చెబుతుంది.

ఆపరేటరు సత్యారావు తలెత్తలేదు. “ఈ కంప్యూటర్ని నడిపించే లినక్సు పాతదమ్మా. దానికి గుండెకాయలాంటి కెర్నెల్ ఒక్కటీ కొత్తది ఎక్కించాను. పాత మోడెం దాంతో కలవట్లేదు. ఫోన్ లైను అందుకోట్లేదు.”

“ఎవులు ఎక్కించమన్నారు?”

“ఎవరూ అన్లేదు.” బల్ల మీది చిన్న కెమెరా చూపించాడు. “పాత కెర్నెల్ దీన్ని గుర్తుపట్టదు. కొత్తవలసలో మాకు గుంట పుట్టి మూడు నెలలైంది. సెలవు దొరక్క నేనింకా చూడ్లేదు. అక్కడి నెట్ సెంటర్లోనూ ఇలాంటి కెమెరా ఉంది, ఒకర్నొకరం చూసుకుందామనుకున్నాను. రెండూ పన్జేస్తాయేమోనని పొద్దుట్నుంచీ తంటాలు పడతన్నాను.”

తిట్టబోయినదాన్ని, గొంతు తగ్గించి అడిగాను.

“పాతది తీసేసినావా?”

“లేదు, ఉంది.”

“మరి బేగి పెట్టు బాబూ.”

అతను కెమెరా తీగ పీకేసి, పాత కెర్నెల్‌తో కంప్యూటరు మళ్ళీ తెరిచాడు. మోడెం కీచుమంది. రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చదివి, మధ్యాహ్నం రైలుకే పిల్లను విశాఖ తీసుకెళ్ళమంది. మా ఇంటాయన పనికి ఒడిశా పోయాడు. విశాఖలో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

“రైలు కొత్తవలసలో ఆగుద్ది కదా? మీ ఆవిడికి ఫోను సెయ్యి బాబూ. గుంటని ఎత్తుకుని స్టేషన్‌కి రమ్మను. నేను సూసి, ఎలాగుందో వచ్చి సెప్తాను.”